నాలుగో వైపు ఎందుకు ఖాళీ?

ప్రశ్న: స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మనవడు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చదువుతున్నాడు, అదీ మనలాగే ఉక్కు ఊరేనట. అక్కడి బ్రమాల్ లేన్ ఫుట్‌బాల్ స్టేడియం పాత ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపాడు. మూడు వైపులా గ్యాలరీల నిండా జనం, నాలుగో వైపు బోసిగా ఉంది. డబ్బుల్లేక కట్టలేదా?
ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం, విశాఖపట్నం

జవాబు: డబ్బుల్లేక కాదండీ, ఆ ఖాళీ క్రికెట్‌ది. బ్రమాల్ లేన్ 1855లో క్రికెట్ మైదానంగానే మొదలైంది. ఫుట్‌బాల్ ఏడేళ్ల తర్వాత వచ్చి చేరింది.

ఆ మొదటి మ్యాచ్ 1862 డిసెంబరు 29న జరిగింది. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల పత్తి రాక పక్క జిల్లా లాంటి లాంకషైర్‌లో బట్టల మిల్లులు మూతపడి కార్మికులు పస్తులుంటే (మన దేశపు పత్తికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది కూడా అప్పుడే), వాళ్ల సహాయ నిధి కోసం షెఫీల్డ్, హాలమ్ జట్లు ఆడాయి. గోల్ ఒక్కటీ పడలేదు గానీ మధ్యలో పొరపాటున దెబ్బ తగిలి ఒకాయన వెయిస్ట్‌కోటు విప్పి కలబడటానికి దిగాడు. ఒక ఉక్కు ఊరు పక్క జిల్లా మిల్లు కార్మికుల కోసం ఆడిన ఆటతో ఆ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ మొదలైందన్న సంగతి నాకు చాలా ఇష్టం.

1878 అక్టోబరు 14 రాత్రి కరెంటు దీపాల కింద ఫుట్‌బాల్ ఆడింది కూడా ఇక్కడే. ఇళ్లలో ఇంకా గ్యాస్, కిరోసిన్ దీపాలే వెలుగుతున్న కాలం అది. మైదానం మూలల్లో చెక్క స్తంభాలు నిలబెట్టి, పైన ఆర్క్ దీపాలు బిగించి, గోల్ వెనక ఇంజన్లతో డైనమోలు తిప్పారు. పన్నెండు వేలకు పైగా టికెట్లు తెగాయి, చీకట్లో గోడ దూకి వచ్చినవాళ్లు వేరే.

ఇక క్లబ్ సంగతి. 1889 మార్చి 16న ఇక్కడ ఒక కప్ సెమీఫైనల్‌కు జనం విరగబడి వచ్చారు. అది చూసి మైదానం పెద్దలు ఆరు రోజుల్లోనే సొంత జట్టు పెట్టారు, అదే షెఫీల్డ్ యునైటెడ్. కత్తులు, చాకులు చేసే ఊరు కాబట్టి ముద్దుగా ‘బ్లేడ్స్’ అంటారు. క్రికెట్ మాత్రం కదల్లేదు, 1902లో ఇంగ్లండ్-ఆస్ట్రేలియా టెస్టు కూడా జరిగింది. ఒకే స్థలంలో రెండు ఆటలు ఇమడాలంటే ఫుట్‌బాల్ పిచ్‌కు ఒక పక్క క్రికెట్ కోసం వదిలేయాలి కదా, మీ మనవడు పంపిన ఫోటోలో బోసిగా కనిపించేది ఆ పక్కే. 1936లో లీడ్స్‌తో కప్ మ్యాచ్‌కు 68,287 మంది వచ్చారు, అంతమందీ మూడు వైపులే సర్దుకున్నారు! 1940 డిసెంబరులో జర్మన్ బాంబులు పడి ఒక స్టాండ్ సగం పోయింది.

క్రికెట్ 1973 ఆగస్టులో సెలవు తీసుకుంది, చివరి మ్యాచ్ యార్క్‌షైర్-లాంకషైర్. రెండేళ్లకు, 1975లో, ఆ ఖాళీ వైపున సౌత్ స్టాండ్ (దక్షిణం వైపు గ్యాలరీ) లేచింది.

మనకూ ఇలాంటి మార్పు తెలుసు. 1996 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా-కెన్యా మ్యాచ్ జరిగిన మన ఇందిరా ప్రియదర్శిని స్టేడియం నుంచి పెద్ద క్రికెట్ పోతినమల్లయ్యపాలెం తరలిపోయింది, 2005లో ధోనీ 148 కొట్టింది కొత్తదాంట్లోనే. మన దగ్గర క్రికెట్ కొత్త ఇంటికి వెళ్లింది, షెఫీల్డ్‌లో మాత్రం ఫుట్‌బాల్ కోసం నూట పద్దెనిమిదేళ్ల ఇల్లు ఖాళీ చేసింది. అది నాకు కాస్త బాధగానే అనిపిస్తుంది.

ఈసారి మ్యాచ్‌కు వెళ్తే సౌత్ స్టాండ్‌లోనే టికెట్ తీసుకోమనండి మీ మనవడిని. ఆ పాత క్రికెట్ మైదానం అక్కడే ఉండేది.