ఆయిల్ పోసే ముందు ఆ సీవర్ పైపు చూడు

అమ్మడూ,

డాలస్‌లో నీకు మొదటిసారి ఒక పాత డ్రైక్లీనర్ షాపు కింది నేలను శుభ్రం చేసే పని అప్పజెప్పారని, వచ్చే నెలలోనే భూమిలోకి సోయా ఆయిల్ ఇంజెక్షన్లు మొదలుపెట్టమని మేనేజరు తొందరపెడుతున్నాడని మీ అమ్మ చెప్పింది. నార్త్ కరోలినాలో ఇరవై ఆరేళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను కదా, నువ్వు అడక్కపోయినా చెబుతున్నా. ఆయిల్ లారీని ఇంకో రెండు నెలలు ఆపు. పెర్క్, అదే డ్రైక్లీనింగ్‌కి వాడే ద్రావకం, భూమిలో ఎక్కడ కూర్చుందో తెలియకుండా ఏం పోసినా డబ్బులు మట్టిలో పోసినట్టే.

పెట్రోలు లీకైతే నీళ్ల మీద తేలుతుంది, వెతుక్కోవడం తేలిక. పెర్క్ నీటికంటే ఒకటిన్నర రెట్లు పైగా బరువు. భూగర్భజలం తగిలినా ఆగదు, సన్నటి ధారలుగా ఇంకా కిందికి దిగిపోతుంది. బంకమన్ను అడ్డొచ్చిన చోట పక్కకు పారి మడుగు కడుతుంది. తాగేనీటిలో దానికి పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఒక టీస్పూను పెర్క్ పదహారు లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తెస్తుంది, కావాలంటే లెక్క కట్టి చూడు. అందుకే, మిషన్ లీకయిన దాఖలా లేదని ఎవరైనా అంటే నేను పట్టించుకోను.

నేను ముందు చూసేవి మూడే: మిషన్ ఉన్న చోట గచ్చు, షాపు వెనక తలుపు, సీవర్ పైపు. పెర్క్‌ని నీళ్లను విడదీసే సెపరేటర్‌లోంచి వచ్చే నీళ్లను డ్రెయిన్‌లో పొయ్యడం ఆ రోజుల్లో తప్పు కాదు, అందరూ అలాగే చేశారు. ఆ నీళ్లలో పెర్క్ ఉంటుంది. పైపు అతుకుల్లోంచి అది మట్టిలోకి జారిందని కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ నీటి బోర్డు 1992లోనే రిపోర్టు రాసింది. కాబట్టి షాపు పెట్టిన ముసలాయన కనిపిస్తే దొంగను పట్టుకున్నట్టు అడక్కు. కుర్చీ వేసుకుని కూర్చుని, బకెట్ ఎక్కడ ఒంపేవారని నెమ్మదిగా అడుగు. నాకు ఒక సైటులో నలభై బోర్లు చెప్పని సంగతి ఒక ఇస్త్రీ చేసే ఆవిడ చెప్పింది. వెనక మెట్ల పక్కన గడ్డి ఎప్పుడూ మొలిచేది కాదట.

పైపులోకి కెమెరా పంపించు. బోరులోంచి కోర్, అదే మట్టి కడ్డీ, తీసినప్పుడు ఆవిరి కొలిచే మీటరు ఎగిరిన చోటల్లా చెంచాడు మట్టి సీసాలో వేసి, నీళ్లూ చిటికెడు సూడాన్ ఫోర్ రంగూ కలిపి ఊపు. నీళ్లలో కరగని విడి పెర్క్ ఉంటే ఎర్రటి చుక్కలు కనబడతాయి. ల్యాబ్ రిపోర్టు రావడానికి పది రోజులు పడుతుంది, ఇది అక్కడికక్కడే తేలుతుంది.

ఒక్క విషయంలో నా తప్పు నువ్వు చెయ్యకు. కొత్తలో ఒక సైటులో ఉత్సాహంకొద్దీ బంకమన్ను పొరను దాటించి బోరు దించేశాను. కేసింగ్ వెయ్యలేదు. పైన మడుగుగా ఉన్నది ఆ కన్నంలోంచి కింది ఇసుకలోకి జారింది. అది సరిచెయ్యడానికి నాలుగేళ్లు పట్టింది. డాలస్ మన్ను మన నల్లరేగడి లాంటిదే, ఎండాకాలం నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లో దిగిన పెర్క్ బంకలోకి ఇంకిపోయి, పైనంతా శుభ్రం చేశాక కూడా ఏళ్ల తరబడి తిరిగి ఊరుతూ ఉంటుంది. బోర్లు మడుగుకు బయటి నుంచి మొదలుపెట్టి వేసి, కింది నుంచి పైకి పని చెయ్యడం నేర్చుకో.

ఇక ఆ సోయా ఆయిల్ సంగతి. అది పెర్క్‌ని తినదు, సూక్ష్మజీవులకు మేత, అంతే. అవి పెర్క్‌లోంచి క్లోరిన్‌ను ఒక్కొక్కటిగా ఊడబీకుతాయి: అలా అది ముందు టీసీఈ అనే రసాయనంగా, తర్వాత డీసీఈగా, తర్వాత వినైల్ క్లోరైడ్‌గా, చివరికి క్లోరిన్ లేని ఎథీన్‌గా మారుతుంది. ఆ చివరి మెట్లు దిగాలంటే డీహాలోకాక్కాయిడ్స్ అనే జాతి ఉండి తీరాలి. లేకపోతే పని డీసీఈ దగ్గర ఆగిపోతుంది, లేదా వినైల్ క్లోరైడ్ పేరుకుంటుంది. దాని హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములే. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. పెర్క్ తొంభై శాతం తగ్గిందని మీ వాళ్లు గ్రాఫ్ చూపిస్తే, మరి ఎథీన్ ఎంత పెరిగిందని అడుగు. ముందే నీళ్లు పరీక్షించి, ఆ జాతి లేకపోతే దాని కల్చర్ (పెంచిన సూక్ష్మజీవులు) కొని వెయ్యండి. పీహెచ్ 6 కంటే దిగితే అవి మొండికేస్తాయి. మా కరోలినాలో ఎర్రమన్ను పులుపు, వంటసోడా బస్తాలు మోసి మోసి నా నడుం పోయింది.

ఇవన్నీ ఆగినా ఫర్వాలేదు. పక్క షాపుల గాలి మాత్రం ఈ వారమే చూడు. పెర్క్ ఆవిరి గచ్చు పగుళ్లలోంచి పైకి వస్తుంది. అదే వరసలో డేకేర్ ఉందని విన్నాను. గచ్చు కింద గాలి లాగే ఫ్యాను, నేలలోంచి వచ్చే రాడాన్ వాయువుకి పెట్టేలాంటిదే, రెండు రోజుల పని. శాంపిల్ తీసే ముందు అక్కడ డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన బట్టలు వేలాడుతున్నాయేమో చూడు. మీ అత్తయ్య పట్టుచీరల వల్ల మా ఇంట్లో రీడింగే తప్పొచ్చింది. అప్పట్నుంచి అవి మూడు రోజులు బాల్కనీలో ఉన్నాకే బీరువాలోకి వెళ్తాయి.

డబ్బు గురించి టెన్షన్ పడకు. టెక్సస్‌లో 2003 చట్టంతో వచ్చిన డ్రైక్లీనర్ల ఫండ్ ఉంది. సైటు అందులో ఉంటే ఆలస్యానికి కారణం కాగితం మీద పెడితే వింటారు.

సీవర్ వీడియో వచ్చాక, కోర్ రికార్డులతో కలిపి నాకు పంపు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, అప్పటికి నా వాకింగ్ అయిపోతుంది.

మావయ్య