అమెరికా వెళ్ళకుండా కాలేజీ వెబ్ కాన్ఫరెన్స్‌ల నుంచి ఏమైనా నేర్చుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఒక ప్రైవేట్ కాలేజీ వెబ్‌సైట్ పని మొత్తం మీ నెత్తిన ఉంది. యూనివర్సిటీల వెబ్‌సైట్లు నడిపేవాళ్ళ కోసం అమెరికాలో, ఇంగ్లండ్‌లో జరిగే కాన్ఫరెన్స్‌లకు మిమ్మల్ని ఎవరూ పంపరు. సోషల్ మీడియాలో వాటిని ఫాలో అయితే ఏమైనా వంటబడుతుందా, లేక టైమ్ వేస్టా?

వంటబడుతుంది. అయితే నేను మొదట్లో చేసినట్టు చేస్తే కళ్ళమంట తప్ప ఏమీ మిగలదు.

మాది హిందూపురం. 2012లో బెంగళూరు వచ్చి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో వెబ్ పనికి చేరాను. పేరుకు వెబ్ టీమ్, లెక్కకు నేనొక్కణ్ణే. ప్రింటర్ మొరాయించినా నన్నే పిలిచేవారు. అమెరికాలో హైఎడ్‌వెబ్ అనే కాన్ఫరెన్స్ ఏటా జరుగుతుందని, కాలేజీల వెబ్‌సైట్లు చూసేవాళ్ళే అక్కడ మాట్లాడతారని ట్విట్టర్‌లో తెలిసింది. మా జాతి మనుషులు ప్రపంచంలో ఇంకా ఉన్నారని తెలియడమే అప్పట్లో పెద్ద ఊరట.

అది అక్టోబర్‌లో. అక్కడ పొద్దున తొమ్మిదంటే, ఊరిని బట్టి మనకు సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో. వాళ్ళ మధ్యాహ్నం సెషన్లు వచ్చేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. నేనుండేది మారతహళ్ళిలో ఒక పీజీ. పదకొండింటికి ఓనర్ ఆంటీ రౌటర్ ఆపేసేది. ఇక ఫోన్ డేటాతో, మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, హాష్‌ట్యాగ్ కింద వచ్చే ట్వీట్లు ఒక్కటీ వదలకుండా చదివేవాణ్ణి. ఒకేసారి నాలుగైదు గదుల్లో సెషన్లు నడుస్తుంటాయి, అన్నీ ఒకే హాష్‌ట్యాగ్‌లో కలగాపులగంగా వచ్చిపడతాయి. కంటెంట్ గురించి ఒకటి, సర్వర్ గురించి ఒకటి, మధ్యలో ఎవరో కాఫీ బాగోలేదని. నచ్చినవాటికి నక్షత్రం కొట్టేవాణ్ణి, అప్పటికింకా గుండె గుర్తు రాలేదు. మూడు రోజుల్లో రెండు వందల పైచిలుకు నక్షత్రాలు. వాటిలో మళ్ళీ తెరిచి చూసినవి పట్టుమని పది కూడా ఉండవు.

నాకు నిజంగా పనికొచ్చిన మొదటి ట్వీట్‌లో ఉన్నది ఒక లింకు. అమెరికాలోని నోటర్ డామ్ యూనివర్సిటీ వెబ్ టీమ్ వాళ్ళు, తమ హోమ్ పేజీ మీద తిరిగే బొమ్మల స్లైడర్‌ను ఎంతమంది నొక్కుతున్నారో లెక్కపెట్టి 2013లో బయటపెట్టారు. పేజీకి వచ్చినవారిలో నొక్కింది సుమారు నూటికి ఒక్కరు. ఆ నొక్కినవాళ్ళలోనూ ఎక్కువమంది నొక్కింది మొదటి బొమ్మనే. వెనకవాటిని పట్టించుకున్న నాథుడు లేడు.

మా హోమ్ పేజీలో ఏడు బొమ్మలు తిరిగేవి. మొదటిది ఛైర్మన్ గారు అవార్డు అందుకుంటున్నది. రెండోది ఛైర్మన్ గారు దీపం వెలిగిస్తున్నది. అడ్మిషన్లు ఏడోది.

అదే లెక్క మా సైట్‌కీ తీశాను. సైట్‌కి ఎవరొచ్చారో, ఏం నొక్కారో చెప్పే అనలిటిక్స్ నెల రోజులు చూస్తే మా గతి వాళ్ళకంటే అధ్వానం. పనిలో పనిగా సెర్చ్ పెట్టెలో జనం ఏం టైప్ చేస్తున్నారో కూడా చూశాను: ఫీ, ఫీజ్, ఫీ స్ట్రక్చర్, హాస్టల్ ఫీ, గర్ల్స్ హాస్టల్ ఫీ. నిజానికి ఈ సంగతి తెలియడానికి అనలిటిక్స్ అక్కర్లేదు. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి తెలుగు రాదు, తెలుగు ఫోన్లన్నీ నాకే కలిపేది. మే, జూన్ నెలల్లో కర్నూలు, అనంతపురం, కడప నుంచి తండ్రుల ఫోన్లు. "బాబూ, కంప్యూటర్ సైన్స్‌కి ఫీజు ఎంత? హాస్టల్‌లో మన భోజనమేనా, రోజూ చపాతీలేనా?" రోజుకు ఇరవై సార్లు ఇదే పాట. విసుక్కున్నానే గానీ, నా పేజీలో ఏం లేదో వాళ్ళు చెబుతున్నారని ఆ ట్వీట్ చదివేదాకా తట్టలేదు.

ఎక్స్‌కేసీడీ అనే వెబ్ కామిక్‌లో 2010లో యూనివర్సిటీ వెబ్‌సైట్ల మీద ఒక బొమ్మ వచ్చింది. రెండు వృత్తాలు: ఒకదాంట్లో హోమ్ పేజీలో ఉండేవి, రెండోదాంట్లో జనం వెతుక్కుంటూ వచ్చేవి. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే, కాలేజీ పూర్తి పేరు. దాన్ని ప్రింట్ తీసి మా డైరెక్టర్ గారికి చూపించాను. నవ్వారు. స్లైడర్ మాత్రం కదల్లేదు. నోటర్ డామ్ లెక్కల పక్కన మా లెక్కలు పెట్టి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నవ్వలేదు. ఏడు బొమ్మలు రెండయ్యాయి, ఫీజుల లింకు పైకొచ్చింది. దీపం మాత్రం ఉండిపోయింది, అంతవరకు నా వల్ల కాలేదు.

అందుకే చెప్పేది, హాష్‌ట్యాగ్ తెరిచే ముందు మీ ప్రశ్న ఒకటి చేతిలో ఉండాలి. అది ఉంటే వంద ట్వీట్లలో మీకు కావలసింది దానంతటదే కళ్ళకు తగులుతుంది. లేకపోతే అన్నీ గొప్పగానే కనిపిస్తాయి.

ఇక నేను దెబ్బతిన్న కథ. మరుసటి ఏడాది ఒక సెషన్ నుంచి వరసగా ట్వీట్లు: పీడీఎఫ్‌లు తీసేయండి, ఫోన్‌లో చదవలేరు, స్క్రీన్ రీడర్ (చూపు లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకు స్కాన్ చేసిన కాగితం ఒట్టి బొమ్మే. అన్నీ నిజాలే. మా సైట్‌లో నోటీసులన్నీ పక్కకు ఒరిగిన స్కాన్లు, కొన్నిటి మూలన స్కాన్ చేసినవాడి బొటనవేలు కూడా కనిపించేది. ఆ ఊపులో రాత్రి ఒంటిగంటకు మూడు వందల చిల్లర పాత ఫైళ్ళు లేపేశాను. పొద్దున పదింటికి సూపరింటెండెంట్ గారి ఫోన్: "మాండేటరీ డిస్‌క్లోజర్ ఎల్లి స్వామీ?" అదెక్కడ అని కన్నడంలో అడుగుతున్నారు. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ. దాని అనుమతి ఉన్న కాలేజీ తన వివరాలన్నీ చెప్పే ఆ పత్రాన్ని సైట్‌లో పెట్టి తీరాలి. కాలేజీల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే న్యాక్‌కు ఏటా పంపే నివేదికల సంగతీ అంతే. అమెరికా వాళ్ళ సెషన్‌లో ఇవన్నీ ఎందుకుంటాయి? బ్యాకప్ ఉంది కాబట్టి మధ్యాహ్నానికి బయటపడ్డాను. ఆ వారమంతా క్యాంటీన్‌లో నేనే టాపిక్.

పీడీఎఫ్‌లు తీసేయమని ట్వీట్ పెట్టినావిడకే రాసి అడిగాను. అదే రోజు జవాబిచ్చింది. వాళ్ళు ముందు ఏ ఫైల్ ఏ డిపార్ట్‌మెంట్‌దో జాబితా రాసుకుని, ఒక్కోదాన్ని మామూలు పేజీగా మార్చి, ఆ తర్వాతే తీశారట. ఎనిమిది నెలలు పట్టిందట. ట్వీట్‌లో 'తీసేయండి' అన్న ముక్కొక్కటే వచ్చింది. అప్పట్లో 140 అక్షరాలే కదా.

అప్పటి నుంచి ట్వీట్ కంటే దాని కింద జవాబులు ఎక్కువ చదువుతాను. "మేమూ చేశాం, మా దగ్గర ఇలా చెడింది" అని ఎవరైనా రాస్తే అక్కడ ఆగుతాను. స్లైడ్ల లింకు ఉంటే దించుకుంటాను. ఒక ప్రశ్న అడుగుతాను. బెంగళూరు నుంచి అడుగుతున్నానంటే ముచ్చటపడి ఇంకాస్త వివరంగా చెబుతారు, ఇది నా అనుభవం.

ఇంకో సంగతి. దూరం నుంచి మనకు ప్రసంగం వినపడదు, హాల్లో జనం మూడ్ మాత్రమే తెలుస్తుంది. 2009లో అమెరికాలోని మిల్వాకీలో ఇదే హైఎడ్‌వెబ్‌లో ఒక కీనోట్ (ప్రధాన ప్రసంగం) నచ్చక, హాల్లో కూర్చున్నవాళ్ళు ట్విట్టర్‌లో ఒకరిని మించి ఒకరు వెటకారాలు మొదలుపెట్టారు. వేదిక మీదున్న మనిషికి ఆ గొడవే తెలియదు. తర్వాత దాని మీద చాలా చర్చ జరిగింది. ఆ ట్వీట్లు మాత్రమే చదివినవాళ్ళు పెళ్ళికి వెళ్ళకుండా భోజనాల మీద తిట్లు విన్నవాళ్ళతో సమానం.

ఇప్పుడైతే అందరూ ఒకే హాష్‌ట్యాగ్‌లో దొరికే రోజులు పోయాయి. 2023లో ట్విట్టర్ ఎక్స్ అయ్యాక నేను ఫాలో అయ్యేవాళ్ళలో చాలామంది లింక్డ్‌ఇన్‌కి, బ్లూస్కైకి, మాస్టొడాన్‌కి చెదిరిపోయారు. కాబట్టి మనుషుల్ని పట్టుకోండి. మీలాగే చిన్న టీమ్‌లో నలిగేవాళ్ళు పదిమంది చాలు, పెద్ద యూనివర్సిటీ డైరెక్టర్లు మనకు అంతగా పనికిరారు. మీ కాలేజీ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంటే డబ్ల్యూపీక్యాంపస్ చూడండి, కాలేజీల్లో వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళ బృందం అది. 2016 నుంచి కాన్ఫరెన్స్‌లు పెడుతున్నారు, సెషన్ల వీడియోలు ఉచితంగా దొరుకుతాయి, స్లాక్ అనే చాట్ యాప్‌లో మనుషులూ దొరుకుతారు. వర్డ్‌ప్రెస్‌లో పేజీలు రాసుకునే కొత్త ఎడిటర్ గూటెన్‌బర్గ్ 2018 డిసెంబర్‌లో వచ్చినప్పుడు, చూపు లేనివారికి, కీబోర్డుతోనే పనిచేసుకునేవారికి అది ఎంతవరకు పనికొస్తుందో బయటివాళ్ళతో పరీక్ష చేయించి, 2019లో రిపోర్టు మొత్తం అందరికీ పెట్టింది వీళ్ళే. ఆ ఒక్క రిపోర్టు నా రెండు వందల నక్షత్రాలకు సమానం.

దాచుకునేది మాత్రం మీ దగ్గరే దాచుకోండి. ట్వీట్లు పేర్చి పెట్టుకునే ఒక సైట్‌లో నేను నాలుగేళ్ళవి దాచాను, 2018లో అది మూతపడింది. ఇప్పుడు ఒక మామూలు షీట్: తేదీ, విషయం, మా కాలేజీలో దేనికి పనికొస్తుంది. మూడో గడి నింపలేకపోతే ఆ వరస చెరిపేస్తాను.

రాత్రులు మేలుకోకండి. లైవ్‌లో ఉంటే ఒక్కటే లాభం, అడిగిన వెంటనే జవాబు వస్తుంది. దానికోసం ఒక సెషన్ ఎంచుకోండి చాలు. మిగతాది పొద్దున బస్సులో చదువుకోవచ్చు. బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటేలోపు కాన్ఫరెన్స్ మొత్తం అయిపోతుంది.

అన్నట్టు ఆ ఫీజుల పేజీ. ఇప్పుడు ఫోన్‌లో తెరిస్తే అటూ ఇటూ జరపకుండా కనిపిస్తుంది, తెలుగులో కూడా పెట్టాం. ఫీజు ఎంత అని అడిగే ఫోన్లు బాగా తగ్గాయి. ఇప్పుడొచ్చేవి వేరే. "పేజీ చూశాం సార్. అందులో వేసిందాంట్లో ఏమైనా తగ్గిస్తారా?" దీని మీద ఇంతవరకు ఏ కాన్ఫరెన్స్‌లోనూ నాకు సెషన్ కనిపించలేదు.