పాటల వీడియోలో నగ్నత్వం చూపిస్తే కేసు నిలుస్తుందా?

పెట్టడం తేలికే, నిలవడమే కష్టం. బట్టల్లేనంత మాత్రాన అశ్లీలం కాదని 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ గొడవ టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, కాబోయే భార్యల నగ్నచిత్రం గురించి. తీసింది ఆ కాబోయే భార్య తండ్రే! వర్ణవివక్షను ఎదిరించే బొమ్మ అది. సందర్భమంతా కలిపి, నేటి సమాజం కళ్లతో చూడాలంది కోర్టు.

కామం రేపడమే పనైతే మాత్రం ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 67వ సెక్షన్ ఉంది: మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి మనవాళ్లు వెంటనే ‘మరి మా కోణార్క్ గుడి బొమ్మల సంగతో?’ అంటారు. పాత గుళ్ల శిల్పాలకు భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 294వ సెక్షన్‌లోనే మినహాయింపు రాసుంది. నిన్న యూట్యూబ్‌లో వదిలిన పాటకు అది వర్తించదు.