అర నిమిషం ఈత మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీలో ఎంఎస్సీ మొదటి సంవత్సరం చదువుతోంది. చేపల్లో, క్షీరదాల్లో వీర్యకణాలు శక్తిని ఎలా వాడుకుంటాయన్న దాని మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. కుదిరితే పీహెచ్‌డీ కూడా అందులోనేనట. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక "ఏవో కణాల మీద" అని దాటేస్తున్నాను. దీనికి ఉద్యోగాలుంటాయా? క్యాన్సర్ లాంటి టాపిక్ తీసుకోమని చెప్పమంటారా?

జవాబు: "ఏవో కణాల మీద" అన్నది తప్పేమీ కాదండీ, కాస్త పొడిగిస్తే చాలు. "కణాలు శక్తిని ఎలా ఖర్చు పెడతాయో చూస్తోంది" అనండి. ఇందులో మొహమాటపడాల్సింది కూడా ఏమీ లేదు. డీఎన్ఏని మొట్టమొదట వేరుచేసిన ఫ్రెడరిక్ మీషర్ 1869లో చీములోని కణాలతో పని మొదలుపెట్టి, తర్వాత రైన్ నదిలో దొరికే సాల్మన్ చేపల వీర్యానికి మారాడు. వీర్యకణం తల అంతా దాదాపు కేంద్రకమే కాబట్టి అందులో కావలసిన సరుకు ఎక్కువ, తీసి పారేయాల్సింది తక్కువ. 1874లో ప్రోటమిన్‌ని (డీఎన్ఏకి అంటిపెట్టుకుని ఉండే చిన్న ప్రోటీన్‌ని) కూడా అందులోంచే తీశాడు. మీరు నలుగురిలో చెప్పడానికి జంకుతున్న పదార్థంతోనే మీ అమ్మాయి సబ్జెక్టు తన తొలి అడుగుల్లో కొన్ని వేసిందన్నమాట.

ఉద్యోగాల గురించి చెప్పేముందు తను చదవబోయేది ఏమిటో కొంచెం చెప్తాను. ఎందుకంటే నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

చాలా చేపల్లో వీర్యకణం మగచేప ఒంట్లో ఉన్నంతసేపూ కదలదు. ట్రౌట్‌లో అయితే వీర్యద్రవంలోని పొటాషియం దాన్ని అణచి ఉంచుతుంది. నీళ్లలో పడి ఆ పొటాషియం పలచబడగానే తోక కొట్టుకోవడం మొదలవుతుంది. కార్ప్‌లో మీట వేరు. చుట్టూ ఉన్న ద్రవం ఒంట్లోని ద్రవం కంటే పలచనైతే చాలు, కణం లేస్తుంది. లేచాక ట్రౌట్ కణం చేతిలో ఉన్న టైము 30 సెకన్లు అటూ ఇటూ, కార్ప్‌కి సుమారు ఒక నిమిషం. ఈలోగా గుడ్డు పైపొరలో ఉన్న ఒకే ఒక్క సన్నని రంధ్రాన్ని పట్టుకోవాలి. ఈదుతున్నప్పుడు ఏటీపీ (కణం ఖర్చు పెట్టుకునే శక్తి నాణెం లాంటి అణువు) తయారయ్యే వేగం కంటే ఖర్చయ్యే వేగం ఎక్కువ. కాబట్టి ముందే కూడబెట్టుకున్నదాని మీదే బండి నడుస్తుంది, అది తగ్గిపోయేకొద్దీ తోక నెమ్మదిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆగిపోయిన కార్ప్ కణాలని లవణాల్లాంటివి సరిపడా కరిగి ఉన్న ద్రవంలో కాసేపు ఉంచితే మైటోకాండ్రియా (కణంలో ఆక్సిజన్ వాడుకుని శక్తిని తయారుచేసే భాగాలు) మళ్లీ ఏటీపీని నింపుతాయి. నీళ్లు తగలగానే రెండోసారి ఈదుతాయి!

క్షీరదాల కణానిది జేబులో డబ్బుతో బయల్దేరే ప్రయాణం కాదు, దారిలో సంపాదించుకుంటూ పోయే ప్రయాణం. ఆడ శరీరంలో అది గంటల తరబడి, మనుషుల్లో అయితే 5 రోజుల దాకా బతకగలదు. వీర్యద్రవంలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్ అని 1940లలో కేంబ్రిడ్జ్‌లో థాడియస్ మాన్ తేల్చాడు. తలకి కింద, తోక మొదట్లో మైటోకాండ్రియా చుట్టలు చుట్టుకుని ఉంటాయి. తోక పొడవునా గ్లైకాలసిస్ (ఆక్సిజన్ అవసరం లేకుండా చక్కెరని విడగొట్టి శక్తి తీసే పద్ధతి) ఎంజైములు అతుక్కుని ఉంటాయి. మరి తోకని నడిపేది ఎవరు? 2004లో ఎలుకల్లో ఆ గ్లైకాలసిస్ ఎంజైముల్లో వీర్యకణానికే ప్రత్యేకమైన ఒకదాన్ని తీసేసి చూశారు. మైటోకాండ్రియా ఆక్సిజన్‌ని ఎప్పటిలాగే వాడుకుంటున్నాయి, కణాలు మాత్రం సరిగ్గా ముందుకు ఈదలేకపోయాయి, మగ ఎలుకలకు పిల్లలు పుట్టలేదు. అలాగని అన్నింటికీ ఇదే లెక్క అనుకోకూడదు. గుర్రం కణం ఎక్కువగా మైటోకాండ్రియా మీదే ఆధారపడుతుంది. ఒకే పనికి ఒక్కో జంతువు ఒక్కో ఖర్చు పద్ధతి పెట్టుకుంది. మీ అమ్మాయి ప్రాజెక్టులో అసలు ప్రశ్న ఇదే, మంచి ప్రశ్న కూడా.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ ల్యాబులో కొన్నాళ్లు పనిచేశాను. మొదటిసారి కార్ప్ పొట్ట నొక్కి వీర్యం సేకరించినప్పుడు చేపని శుభ్రంగా తుడవలేదు, మొదట వచ్చే చుక్కల్ని వదిలేయాలన్న సంగతీ పట్టించుకోలేదు. వీర్యంలో చేప మూత్రం కలిసింది. మైక్రోస్కోపు కింద పెట్టి, నీటి చుక్క వేసి, ఫోకస్ సరిచేసి చూస్తే ఒక్క కణమూ కదల్లేదు. అరగంట తల పట్టుకున్నాక సీనియర్ ఒకరు వచ్చి నవ్వారు. ఆ పలచని మూత్రానికే కణాలు గొట్టంలోనే లేచి, ఈదేసి, ఉన్నదంతా ఖర్చు పెట్టేసుకున్నాయట. మర్నాడు టిష్యూతో ఒళ్లంతా తుడిచి, ముందు మూత్రం పోయేలా మెల్లగా నొక్కి, తర్వాతే గొట్టం పట్టాను. చుక్క వెయ్యగానే గాజుపలక కింద ఒక్కసారిగా ఉప్పెన వచ్చినట్టయింది. చూస్తుండగానే నెమ్మదించి, వణికి, ఆగిపోయింది. ఆరోజు నేర్చుకున్న ఓపిక ఇప్పటికీ పనికొస్తోంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ప్రాజెక్టు పేరు చూసి ఇవ్వరు. అర నిమిషంలో అయిపోయే సంఘటనని నమ్మదగ్గ అంకెగా మార్చగలదా లేదా అన్నది చూస్తారు. లూసిఫెరేజ్ (ఏటీపీ ఉంటే వెలుగునిచ్చే ఎంజైము)తో ఏటీపీ కొలవడం, ఆక్సిజన్ వాడకం కొలవడం, ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలవడం), కణాల కదలికని కంప్యూటర్‌తో విశ్లేషించడం, ద్రవాల ఆస్మోలాలిటీ (అందులో ఎంత పదార్థం కరిగి ఉందన్న లెక్క) సరిచూడటం, లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మళ్లీ కరిగించడం: ఇందులో నాలుగు చేత్తో చేసి ఉంటే చాలు. మీరు అడిగిన క్యాన్సర్ ల్యాబుల్లోనూ ఇవే కావాలి. ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లైకాలసిస్ మీద మొగ్గే అలవాటు చాలా క్యాన్సర్ కణాలదీను. కాబట్టి టాపిక్ మార్చుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు. కావాలంటే ఎంఎస్సీ తర్వాత అటువైపు వెళ్లొచ్చు, తలుపు మూసుకుపోదు.

నేరుగా ఈ రంగంలోనే ఉండాలనుకుంటే సంతాన సాఫల్య కేంద్రాల్లో వీర్యాన్ని పరీక్షించే ఆండ్రాలజీ ల్యాబులు ఉన్నాయి. మాన్ వీర్యంలో గుర్తించిన ఫ్రక్టోజ్ అక్కడ ఇప్పటికీ ఒక పరీక్ష. వీర్యంలో కణాలే లేనప్పుడు ఫ్రక్టోజ్ కూడా లేకపోతే, సెమినల్ వెసికిల్స్ (ఆ ఫ్రక్టోజ్‌ని తయారుచేసే గ్రంథులు) లేకపోవడమో దారి మూసుకుపోవడమో అయి ఉంటుందని అనుమానిస్తారు. అయితే ఒక్క మాట. ఎంఎస్సీ డిగ్రీ పట్టుకుని నేరుగా ఎంబ్రియాలజిస్ట్ (ల్యాబులో పిండాల్ని తయారుచేసి చూసుకునే నిపుణుడు) అయిపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి విడిగా శిక్షణ కావాలి, అర్హత నిబంధనలు ఎక్కడికక్కడ వేరుగా ఉంటాయి. పైగా అది రోజంతా చేతితో చేసే, చిన్న పొరపాటుకి కూడా తావులేని పని. ఆ టెన్షన్ అందరికీ పడదు.

పశువుల కృత్రిమ గర్భధారణ కేంద్రాలు, వీర్యం నిల్వచేసే బ్యాంకులు ఇంకో దారి. వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వచేసే ఈ పద్ధతి ఒక లేబుల్ పొరపాటుతో మొదలైందంటే నవ్వొస్తుంది. 1940ల చివర బ్రిటన్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ పోల్జ్ బృందం ఫ్రక్టోజ్ అనుకుని వాడిన సీసాలో ఉన్నది గ్లిసరాల్, ఆల్బుమిన్ అట. కోడిపుంజు కణాలు గడ్డకట్టి కరిగాక కూడా కదిలాయి. 1949లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. 1953లో బ్లాక్స్టర్ అనే శాస్త్రవేత్త అదే గ్లిసరాల్‌తో హెర్రింగ్ చేప వీర్యాన్ని గడ్డకట్టించాడు. వసంతంలో గుడ్లు పెట్టే హెర్రింగ్‌నీ శరదృతువులో పెట్టేదాన్నీ కలపాలంటే అదొక్కటే దారి. చేపల హ్యాచరీలు, అంతరించిపోతున్న జాతులను కాపాడే ప్రాజెక్టులు ఆ దారిలోనే నడుస్తున్నాయి. మందుల వైపు చూస్తే, కణం కదలికకు అవసరమైన ఒక ఎంజైముని కొన్ని గంటలపాటు ఆపి మగ ఎలుకల వల్ల తాత్కాలికంగా గర్భం రాకుండా చేయగలిగారని 2023లో వచ్చింది. అదింకా పరిశోధన దశలోనే ఉంది, ఉద్యోగాల లెక్కలో వేసుకోకండి.

దాచకుండా చెప్పాలంటే, "వీర్యకణ జీవక్రియ నిపుణులు కావలెను" అనే ప్రకటన మీకెక్కడా కనిపించదు. పీహెచ్‌డీ దాకా వెళ్లి పరిశోధనలోనే స్థిరపడాలంటే ఏ టాపిక్‌లోనైనా సీట్లు తక్కువే, ఇందులోనూ అంతే. పీహెచ్‌డీ నిర్ణయం ఇప్పుడే వద్దు. ప్రాజెక్టు అయ్యాక కూడా రోజూ ల్యాబుకి వెళ్లాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

మీ అమ్మాయి గైడ్‌ని కలిసినప్పుడు అడగాల్సింది ముఖ్యంగా ఒకటుంది: ప్రాజెక్టు నెలలూ ఆ చేప వీర్యం ఇచ్చే కాలమూ కలుస్తాయా? చాలా చేపలకు సీజన్ ఉంటుంది. అది దాటిపోతే ఖాళీ గొట్టాలతో కూర్చోవాలి, ఎందరో విద్యార్థులు అలాగే ఇరుక్కుంటారు. కలవకపోతే చేప భాగాన్ని తగ్గించి, గడ్డకట్టించి ఉంచిన ఎద్దు వీర్యంతో మొదలుపెట్టమనండి, అది ఏడాది పొడవునా దొరుకుతుంది. కాకపోతే గడ్డకట్టి కరిగిన కణాల పొరలూ మైటోకాండ్రియా కొంత దెబ్బతిని ఉంటాయి కాబట్టి, వాటి అంకెల్ని తాజా చేప కణాల అంకెల పక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు. ఈ సంగతి గైడ్ తనంతట తానే ఎత్తితే మీ అమ్మాయి సరైన ల్యాబులో పడినట్టే.