కార్తీకం వెళ్లిపోయాక మళ్లీ ఈ దీపాలేంటి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం తమిళుల కార్తీక దీపం గురించే. అరుణాచలం, అదే తమిళుల తిరువణ్ణామలై, వెళ్లొచ్చిన వాళ్లు ఇంటికొకరు ఉన్న రోజులివి, ఆశ్చర్యం లేదు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి, ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: మా పక్క ఫ్లాట్‌లో తమిళులు ఉంటారు, ఆయన స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. మనం కార్తీక పౌర్ణమి చేసుకుని, పోలిని స్వర్గానికి పంపేసి, మార్గశిర గురువారాలకు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి క్యూలో నిలబడుతుంటే, వాళ్లు తీరిగ్గా ‘ఈ రోజు మాకు కార్తీక దీపం’ అని మెట్ల నిండా ప్రమిదలు పెట్టారు. ఎవరి లెక్క తప్పు? – ఓ పాఠకురాలు, సీతమ్మధార

ఎవరిదీ తప్పు కాదమ్మా, క్యాలెండర్లే వేరు. మనది చంద్రుడి లెక్క. అమావాస్య వెళ్లిన మర్నాడు నెల మొదలవుతుంది, మళ్లీ అమావాస్యతో అయిపోతుంది. తమిళులది సూర్యుడి లెక్క. సూర్యుడు వృశ్చిక రాశిలోకి అడుగుపెట్టాక, అంటే సుమారు నవంబర్ 16 నుంచి, వాళ్ల కార్తీక నెల మొదలై డిసెంబర్ మధ్య దాకా నడుస్తుంది. ఆ నెలలో కృత్తికా నక్షత్రం వచ్చిన రోజున దీపం పెడతారు. అది పౌర్ణమి నాడో, దానికి కాస్త అటూఇటుగానో వస్తుంది.

ఇప్పుడు చూడండి. మన కార్తీక పౌర్ణమి నవంబర్ 16 లోపే వచ్చేసిందంటే వాళ్ల నెల ఇంకా మొదలు కానట్టే, కాబట్టి వాళ్లు వచ్చే పౌర్ణమి దాకా ఆగుతారు. 2025లో మనకు నవంబర్ 5న అయిపోయింది, వాళ్లకు డిసెంబర్ 3న వచ్చింది. 2024 అయితే మరీ విచిత్రం, మన పౌర్ణమి నవంబర్ 15న వస్తే సూర్యుడు వృశ్చికంలోకి వెళ్లింది 16న! ఆ ఒక్క రోజు తేడాకి వాళ్ల పండగ డిసెంబర్ 13కి జరిగింది. అలాగని ప్రతి ఏడూ ఇంతే అనుకోకండి. 2021లో ఇద్దరికీ నవంబర్ 19నే వచ్చింది, 2023లో వాళ్లకు 26న, మనకు 27న. 2023లో మనకు అధిక శ్రావణం పడి పండగలన్నీ వెనక్కి జరిగాయి కదా, అందుకే మళ్లీ కలిశాయి.

మనం కూడా సూర్యుణ్ణి పూర్తిగా వదిలేయలేదు. సంక్రాంతి సూర్యుడి లెక్కే. మన పెద్ద పండగా వాళ్ల పొంగలూ ఎప్పుడూ కలిసే రావడానికి కారణం అదే. మీరు ఆ పెద్దాయన్ని ‘ఏంటి మామయ్యగారూ, నెల లేటు’ అని ఆటపట్టించి ఉంటే, ఆయన ‘మీరే తొందరపడ్డారు’ అనొచ్చు. దానికీ అంతే న్యాయముంది.

ప్రశ్న: తిరువణ్ణామలై వల్లే ఈ పండగ పుట్టిందా, లేక ముందు నుంచీ ఉందా? చరిత్ర ఉందా, పురాణమేనా? – డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

పురాణం మీకు తెలిసే ఉంటుంది. బ్రహ్మా విష్ణువూ ఎవరు గొప్పని పోట్లాడుకుంటే శివుడు మొదలూ చివరా లేని అగ్నిస్తంభమై నిలబడ్డాడు. విష్ణువు వరాహమై కిందికి వెళ్లి, దొరకలేదని ఒప్పేసుకున్నాడు. హంసై పైకెళ్లిన బ్రహ్మ మాత్రం మొగలిపువ్వు చేత దొంగసాక్ష్యం చెప్పించాడు. శివపూజకు మొగలిపువ్వు పనికిరాకుండా పోయింది అందుకే. ఆ అగ్నిస్తంభమే చల్లబడి అరుణాచలమైందని తిరువణ్ణామలై కథ. కుమారస్వామిని పెంచిన ఆరుగురు కృత్తికల కథ ఇంకొకటి, మురుగన్ గుళ్లల్లో కూడా ఈ రోజు సందడి ఉండేది దాని వల్ల.

చరిత్ర సంగతికొస్తే, పండగ చాలా పాతది. సంగం కాలపు ప్రాచీన తమిళ కవితల సంకలనం ‘అకనానూఱు’లో ఓ పాట ఉంది. నిండు చంద్రుడు కృత్తికలతో కలిసిన రాత్రి, వీధుల్లో దీపాలు పెట్టి, దండలు కట్టి ఊరంతా చేసుకునే పండగ అందులో కనిపిస్తుంది. అది ప్రేమపాట, పండగకి తనవాడు ఊళ్లో ఉండాలన్న ఆరాటం దాని నిండా. గమనించారా, తిరువణ్ణామలైలో దీపం వెలిగించే కొండా లేదు, కొప్పెరా లేదు అందులో. ఇళ్లూ వీధులే. తర్వాత ఏడో శతాబ్దంలో శివభక్త కవి జ్ఞానసంబంధర్ మైలాపూర్‌లో పాడిన పదికం, అంటే పద్యాల కీర్తన, వస్తుంది. పాము కరిచి చనిపోయిన పూంపావై అనే అమ్మాయిని ‘ఈ పండగ చూడకుండానే పోతావా, ఆ పండగ చూడకుండానే పోతావా’ అని ఒక్కో పండగ పేరూ చెప్పి పిలుస్తాడు. ఆ వరసలో కార్తీక దీపం కూడా ఉంది. నన్నడిగితే ఈ పండగ గురించి అంతకంటే మంచి సాక్ష్యం లేదు, చచ్చిన మనిషిని తిరిగి రమ్మనడానికి చూపించిన ఆశల్లో ఇదొకటి మరి.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు, ఇళ్లల్లో దీపాలు పెట్టుకునే పాత పండగకి తిరువణ్ణామలై పెద్ద వేదికైంది. అందులో మన చెయ్యీ ఉంది. 217 అడుగుల ఆ రాజగోపురం పని శ్రీకృష్ణదేవరాయల కాలంలో మొదలై, తంజావూరు నాయకుల హయాంలో పూర్తయింది. మన ఉత్తరాంధ్ర వాటా కూడా చెప్పకపోతే ఎలా? బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని, 1907 నవంబర్‌లో సరిగ్గా ఈ దీపోత్సవాల రోజుల్లోనే కొండెక్కి విరూపాక్ష గుహలోని మౌనస్వామిని కలిశాడు. ఆ స్వామికి ‘భగవాన్ రమణ మహర్షి’ అని పేరు పెట్టింది ఈయనే.

ప్రశ్న: మా కోడలు తమిళమ్మాయి, పెళ్లయ్యాక ఇది మొదటి కార్తీకం. వాళ్లింట్లో లాగే చేద్దామని మా కోరిక, అడిగితే ‘పర్లేదత్తయ్యా, మీ పద్ధతే’ అంటోంది. అసలేం చేస్తారు? – గాజువాక

‘పర్లేదత్తయ్యా’ అంటే పర్లేదని కాదు, మీకూ తెలిసే ఉంటుంది లెండి. అడగడం మానేసి సామాన్లు తెచ్చిపెట్టండి.

సాయంత్రం ఇల్లు కడిగి పెద్ద ముగ్గు వేస్తారు. దేవుడి దగ్గర కుత్తువిళక్కు, అంటే నిలువు దీపపు సెమ్మె, వెలిగించి, దాని నుంచి మట్టి ప్రమిదలు వెలిగించుకుంటూ గుమ్మం, తులసికోట, కిటికీలు, మెట్లు అన్నిచోట్లా పెట్టుకుంటూ పోతారు. పాతకాలం ఇళ్లల్లో నూతి దగ్గర, పశువుల కొట్టంలో, చివరికి పెంటకుప్ప మీద కూడా ఒక దీపం ఉండాల్సిందే. చీకటి ఎక్కడుంటే అక్కడ పెట్టడమే ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి. నక్షత్రాలు 27 కాబట్టి కొందరు 27 పెడతారు, అంతకు మించి పెట్టినా ఎవరూ లెక్క అడగరు. ముందురోజు భరణి దీపం, మర్నాడు విష్ణు దీపం కలిపి మూడు రోజులు పెట్టే ఇళ్లూ ఉన్నాయి. మన 365 వత్తుల లాంటిది అక్కడ కనిపించదు.

ఇది అన్నదమ్ముల పండగ కూడా. ఆడపిల్లలు అన్నదమ్ముల క్షేమం కోరుతూ దీపం పెడతారు, పుట్టింటి వాళ్లు కూతురికి ‘సీరు’ అని డబ్బో చీరో పంపుతారు. మన భగినీహస్త భోజనానికీ సారెకీ మధ్యలో ఉంటుందనుకోండి. వియ్యాలవారు ఎంత పంపారని మాత్రం దయచేసి విప్పి చూడకండి.

ఇక తప్పనిసరి వంట పొరి ఉరుండై, పేలాల ఉండలు. వాళ్లు పేలాలతో గానీ అటుకులు వేయించి పొంగించిన పొరితో గానీ చేస్తారు, మీకు పూర్ణామార్కెట్‌లో పేలాలు దొరక్కపోతే మురీలతో కానిచ్చేయండి. నాలుగు గిన్నెల పేలాలకు గిన్నెడు బెల్లం. పేలాల్లో వడ్లపొట్టు ఉంటుంది, ముందు చాటలో ఏరాలి, లేకపోతే ఒక్క పొట్టు గొంతులో అడ్డం పడితే పండగంతా దగ్గే. బెల్లం కరిగాక వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పాకం చుక్కను నీళ్లలో వేసి ఉండ చేసి పళ్లెం మీద పడేస్తే టంగుమని మోగాలి. అంతకు ముందే దించారా, ఉండలు సాయంత్రానికి మెత్తబడి విడిపోతాయి. నేతిలో వేయించిన కొబ్బరిముక్కలు, శొంఠి, ఏలకుల పొడి వేసి పేలాలు కలిపేసి, చేతులకు బియ్యప్పిండి రాసుకుని వేడిగా ఉండగానే చుట్టాలి. చేతులు కాలతాయి. ఇద్దరు కూర్చుంటేనే అయ్యే పని, అత్తాకోడళ్లకి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ప్రశ్న: మా శివాలయంలో కార్తీక పౌర్ణమికి జ్వాలాతోరణం చేస్తారు. తమిళులకీ అలాంటిదుందా? – సింహాచలం

ఉంది, చొక్కప్పనై అంటారు. గుడి ముందు తాటిమొద్దు పాతి, చుట్టూ ఎండు తాటాకులు కట్టి గోపురంలా నిలబెట్టి ముట్టిస్తారు. మనం గడ్డి చుట్టిన తోరణం కింద నుంచి పల్లకీ తీసుకెళ్తాం, వాళ్లది నిలువు మంట, ఆ అగ్నిస్తంభానికి గుర్తు. విష్ణ్వాలయాల్లోనూ చేస్తారు. పిల్లలకైతే మావళి ఉంటుంది, తాటి పూలగెల కాల్చి బొగ్గుచేసి, పొడి గుడ్డలో కట్టి, నిప్పంటించి తాడుతో గిరగిరా తిప్పితే చుట్టూ రవ్వల చక్రం. మన పల్లెల్లో దీపావళికి తిప్పే ఉప్పుపొట్లం చూసిన వాళ్లకి కొత్తేం కాదు.

ప్రశ్న: ఈసారి దీపం రోజే అరుణాచలం వెళ్లాలని మా బ్యాచ్ అంతా అనుకుంటున్నాం. కొండెక్కి దగ్గర్నుంచి చూడొచ్చా? – ఎంవీపీ కాలనీ

ముందు అక్కడేం జరుగుతుందో చెబుతాను. ధ్వజారోహణంతో మొదలయ్యే పది రోజుల ఉత్సవం, ఏడో రోజు పెద్ద రథం. పదో రోజు తెల్లవారుజామున నాలుగింటికి గుళ్లో భరణి దీపం, ఒక దీపం నుంచి ఐదు వెలిగిస్తారు. సాయంత్రం ఆరింటికి అర్ధనారీశ్వరుడి మూర్తి ధ్వజస్తంభం దగ్గరికి ఊగుతూ వచ్చి రెండు నిమిషాలుండి వెళ్లిపోతుంది, ఏడాదికి ఆ ఒక్కసారే. సరిగ్గా అప్పుడే 2,668 అడుగుల కొండ మీద దీపం లేస్తుంది, ఊరంతా ‘అణ్ణామలైయారుక్కు అరోహరా!’ అని ఒకటే కేక. పైన మనిషెత్తు రాగి కొప్పెర, అందులో 3,500 కిలోలకు పైగా నెయ్యి, వెయ్యి మీటర్లకు పైగా గుడ్డ వత్తి, కర్పూరం. అవన్నీ మనుషులు మోసుకెళ్లాల్సిందే. వెలిగించే హక్కు తరతరాలుగా పర్వతరాజ కులం వాళ్లది, వాళ్లు చేపలు పట్టే కులస్థులు. మన జాలారిపేటలో ఈ మాట చెప్పి చూడండి, ఎంత సంతోషిస్తారో.

కొండెక్కడం మాత్రం ఆలోచన నుంచే తీసేయండి. 2024 డిసెంబర్ 1న తుపాను వానలకు కొండచరియ విరిగి ఏడుగురు చనిపోయారు, ఆ ఏడాది దీపానికి భక్తులెవరినీ పైకి పంపలేదు. రీల్ కోసం దొడ్డిదారిన ఎక్కేవాళ్లని చూస్తే నాకు భక్తి కనిపించదు, ఒళ్లు మండుతుంది.

ఇంకో మాట, దీపం రోజే వెళ్లాలని ఎందుకంత పట్టుదల? ఆ జ్యోతి 11 రోజులు వెలుగుతుంది. మొదటి రోజు జనంలో మీ బ్యాచ్ ఒకరినొకరు వెతుక్కోవడానికే సరిపోతుంది, గదుల రేట్లు సరేసరి. నాలుగైదు రోజులు పోయాక వెళ్తే, రాత్రి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణలో కొండ మీద దీపం చూసుకుంటూనే నడవొచ్చు. కాట్పాడి దాకా రైలు, అక్కణ్ణుంచి సుమారు 90 కిలోమీటర్లు బస్సు. తర్వాత కొప్పెరలో మిగిలిన మసిని ఆరుద్ర దర్శనం అనే ఉత్సవం నాడు నటరాజస్వామికి పెట్టి, భక్తులకు ప్రసాదంగా ఇస్తారు.

ప్రశ్న: వెళ్లలేని వాళ్లం టీవీలో చూస్తే చాలా? – ఓ పెద్దావిడ, లాసన్స్ బే కాలనీ

చాలమ్మా. తమిళ ఇళ్లల్లోనూ చాలామంది చేసేదదే, ఆరింటికి కొండ మీద దీపం టీవీలో కనిపించాకే ఇంట్లో వెలిగిస్తారు. మీది బీచ్ గాలి కాబట్టి బాల్కనీ గోడ మీద పెట్టకండి, కింద గోడవారగా పెట్టి వత్తులు కాస్త లావుగా చేసుకోండి. ఐదున్నరకే నూనె పోసి వత్తులు తడిపి ఉంచండి, టీవీలో హారతి మొదలయ్యాక అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు.