భాషాశాస్త్రం నచ్చింది, నాన్నకు ఏం చెప్పాలి?

ప్రశ్న: నల్లగొండ జిల్లాలో బీఏ చివరి ఏడాది చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో భాషాశాస్త్ర పరిచయం పేపర్ తీసుకున్నాను. మొదటి నెల అంతా గ్రామర్ క్లాసే అనుకున్నాను, ఏమీ ఎక్కలేదు. ఇప్పుడు మా నానమ్మ మాట్లాడే మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ధ్వనుల పాఠాలంటే చాలా ఇష్టం. వాక్యాలకు చెట్టు బొమ్మలు గీయమంటే మాత్రం టెన్షన్. ఎంఏలో ఇదే చేస్తానంటే నాన్న "మాట్లాడటానికి కూడా ఎంఏ ఎందుకు, బీఈడీ చేసి డీఎస్సీ రాయి" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ నోట్‌బుక్. మార్కులెన్ని వచ్చాయో నువ్వు రాయలేదు, నాకూ వాటితో పని లేదు. ఎవరూ అడక్కుండానే నానమ్మ మాటలు రాసుకుంటున్నావంటే ఈ సబ్జెక్టులో చేయాల్సిన పని నీకు అప్పుడే చేతికొచ్చింది.

గ్రామర్ క్లాసు అనుకోవడం దాదాపు అందరికీ జరిగేదే. బడిలో వ్యాకరణం ఏది ఒప్పో ఏది తప్పో చెబుతుంది. ఇక్కడ మనుషులు ఎలా మాట్లాడుతున్నారో చూసి, దాని వెనకున్న లెక్క పట్టుకోవాలి. ఇల్లు, కన్ను, పండు, కాలు, ఊరు అనే అయిదు మాటలు తీసుకో. చివరి అక్షరాలు అయిదు రకాలు. బహువచనంలో ఇళ్ళు, కళ్ళు, పళ్ళు, కాళ్ళు, ఊళ్ళు అని అన్నీ ఒకే చోటికి వచ్చేస్తాయి. బడి మొహం చూడని పిల్లలు కూడా ఇలాగే అంటారు, వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు గుడి, గుడ్డు చూడు. గుడి గుళ్ళు అవుతుంది, గుడ్డు మాత్రం గుడ్లు అవుతుంది. ఒంటి డకారానికీ జంట డకారానికీ దారి వేరన్నమాట. ఒక ఊహ చేయడం, దాన్ని పడగొట్టే ఉదాహరణ కోసం వెతకడం, ఊహను సరిచేసుకోవడం, ఇదీ నువ్వు ఇష్టపడుతున్న పని.

మీ నానమ్మ ఇళ్ళు, కళ్ళు, పళ్ళు అనకపోవచ్చు. మీ వైపు ఇండ్లు, కండ్లు, పండ్లు అంటారు కదా! నోట్‌బుక్ తీసి చూసుకో. అవి మోటు మాటలని ఎవరైనా నవ్వితే ఒక సంగతి గుర్తుంచుకో. ఇల్లు, కన్ను అనే మాటలకు విభక్తి చేర్చినప్పుడు ఇంటికి, కంటికి అని అందరం అంటాం. అందులో వినిపించే ఆ సున్న మీ నానమ్మ బహువచనంలో కూడా నిలిచి ఉంది. ఇండ్లు, పండ్లు పాత గ్రంథాల్లోనూ కనిపించే రూపాలే. "వచ్చిండు", "వచ్చాడు" రెండూ "వచ్చినాడు" అనే పాత రూపం నుంచి చెరో దారిన వచ్చినవే. ఏ యాసకూ నియమం లేకుండా ఉండదని ఒక డిగ్రీ విద్యార్థినికి ఆధారంతో సహా తెలియడం చాలా పెద్ద విషయమని నా నమ్మకం.

చెట్టు బొమ్మల టెన్షన్‌కు ఒక చిన్న ఉపాయం చెబుతాను. "పాత పుస్తకాల షాపు" అని రాసుకో. పుస్తకాలు పాతవా, షాపు పాతదా? రెండు అర్థాలకూ రెండు బొమ్మలు గీయి. పదాలు అవే, వరుస అదే, మారింది ఏది దేనితో జతకట్టిందన్నదే. చెట్టు బొమ్మ ఉన్నది ఆ జతకట్టడం చూపించడానికే. రోజుకు ఇలాంటివి రెండు గీస్తే నెలలో భయం పోతుంది.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన్ని తప్పుపట్టను. పేపర్లో "భాషాశాస్త్రవేత్త కావలెను" అనే ప్రకటన ఆయనెప్పుడూ చూసి ఉండరు, నేనూ పెద్దగా చూడలేదు. ఇంటర్‌లో ఇది సబ్జెక్టే కాదు కాబట్టి జూనియర్ లెక్చరర్ దారి ఈ ఎంఏతో దొరకదు. మొదటి దారి యూనివర్సిటీ. అక్కడ పోస్టులు కొద్దిగానే ఉంటాయి, వాటికి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, పీహెచ్‌డీ కావాలి. నెట్‌లో భాషాశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంది. అందులో మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో పరిశోధన చేయొచ్చు.

రెండో దారి కంప్యూటర్‌తో ముడిపడింది. ఇంట్లో, ఇంటికి, ఇళ్ళల్లో అన్నీ "ఇల్లు" అనే ఒక్క మాట రూపాలేనని మనకు చెప్పక్కర్లేదు. యంత్రానికి అది నియమంగానైనా చెప్పాలి, కుప్పలుగా ఉదాహరణలైనా చూపించాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం ఈ పని మీదే ఉంది. మన దేశ భాషల మధ్య అనువాదం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే డిజిటల్ వేదిక తెచ్చింది. ఈ రంగంలో తెలుగు లోతు తెలిసినవాళ్ళు కావాలి. అయితే ఎంఏ పట్టా ఒక్కటే చూపిస్తే చాలదు. మొదటి సెమిస్టర్ నుంచే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి. ఆర్ట్స్ నుంచి వచ్చాను నా వల్ల కాదనుకోకు, గుడి గుడ్డు లెక్క పట్టగలిగినదానివి దీన్నీ పట్టగలవు.

ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. మాట సరిగా రాని పిల్లలకు శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపీ ఉద్యోగం ఈ ఎంఏతో వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. దానికి ప్రత్యేక డిగ్రీ ఉంది, ఇంటర్‌లో సైన్స్ చదివి ఉండాలి, ఆ తర్వాత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి.

మూడో దారి డబ్బు పరంగా నెమ్మదైనది, నా మనసుకు మాత్రం దగ్గరైనది. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8.11 కోట్లు, కొలామి మాట్లాడేవాళ్ళు సుమారు 1.28 లక్షలు. ఆదిలాబాద్‌లో వినిపించే ఆ కొలామి కూడా మన ద్రావిడ కుటుంబానిదే. ఇలాంటి భాషల దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఇంకా చాలామంది కావాలి. పేరున్న భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆనర్స్ చదివి మొదలుపెట్టారు. రైతులు పొలంలో వాడే మాటలు ఊరూరా సేకరింపజేసి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. విశాఖ కొండల్లో మాట్లాడే, "కొండ" అనే పేరున్న భాషకు వ్యాకరణం రాశారు. నీ నోట్‌బుక్ ఆ వరుసలోదే.

చదవడానికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే ఉస్మానియా, హెచ్‌సీయూ (హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం), ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మూడింటిలోనూ భాషాశాస్త్రం ఉంది. సాధారణంగా ఏ డిగ్రీ చేసినవాళ్ళయినా రాయొచ్చు. హెచ్‌సీయూకు సీయూఈటీ పీజీ రాయాలి, దాని దరఖాస్తులు సాధారణంగా డిసెంబర్, జనవరి ప్రాంతంలో మొదలవుతాయి. ఉస్మానియాకు సీపీగెట్. ఇఫ్లూకు ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకో.

నా సలహా ఇది. ఈ ప్రవేశ పరీక్షలూ రాయి, బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ కూడా రాయి. ఈ మూడు చోట్లలో ఎక్కడ సీటు వచ్చినా ఎంఏలో చేరు. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎంఏ తర్వాతైనా చేయొచ్చు. సీటు రాకపోతే ఈ ఏడాది బీఈడీలో చేరు, అందులో బాధపడాల్సింది ఏమీ లేదు. దేవరకొండ వైపు తండాల నుంచి బడికి వచ్చే పిల్లల ఇంటి భాష లంబాడీ. అది ద్రావిడ భాష కాదు, రాజస్థానీ వైపు భాష. ఆ పిల్లలకు తెలుగు ఎక్కడ కష్టమవుతుందో తెలిసిన టీచరమ్మ దొరికితే వాళ్ళ అదృష్టం.

నాన్నగారితో వాదన పెట్టుకోకు. ఈ ఆదివారం నానమ్మ పక్కన కూర్చుని ఆమె మాటలు రాస్తున్నప్పుడు ఆయన్నీ కూర్చోబెట్టు. ఇండ్లు, కండ్లు, పండ్లు ఒక వైపు, ఇంటికి, కంటికి ఇంకో వైపు రాసి, "నాన్నా, ఈ రెండింటికీ ఏం సంబంధమో చెప్పు" అని అడుగు. ఆయన ఏమన్నారో నాకు రాయి.