డిస్క్ ఆపరేషన్ తర్వాత డ్యూటీ: ముందు ఆ కాలు చూపించండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల మేత ఫ్యాక్టరీ. నేను లోడింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌ని. మా దగ్గర పనిచేసే 41 ఏళ్ల వ్యక్తికి బస్తా ఎత్తుతుండగా నడుం పట్టేసింది. డిస్క్ జారిందని రెండు నెలల కిందట ఆపరేషన్ చేశారు. సోమవారం నుంచి డ్యూటీకి వస్తానంటున్నాడు. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకున్నాడు, అవి వేసుకుని లాగించేస్తాడట. బీపీకి మందులు వాడుతున్నాడు. నడుస్తుంటే కుడికాలి చెప్పు ఊడిపోతోందని తనే నవ్వుతూ చెప్పాడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మంటే సరిపోతుందా? లైట్ డ్యూటీ ఇస్తే మిగతావాళ్లు ఊరుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం. ఆ చెప్పు ఎప్పటినుంచి ఊడిపోతోంది? మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. మీరేమో నవ్వుతూ చెప్పాడని రాసి వదిలేశారు.

నడుం కింది భాగంలో డిస్క్ జారి నరాన్ని నొక్కితే పాదాన్ని పైకి లేపే కండరం బలహీనపడుతుంది. చెప్పు కాలికి నిలవదు. ఆపరేషన్‌కు ముందునుంచీ ఉన్నదైతే నరం నెమ్మదిగా కోలుకుంటూ ఉండొచ్చు, దానికి నెలలు పడుతుంది. ఆపరేషన్ తర్వాత కొత్తగా వచ్చినా, రోజురోజుకీ పెరుగుతున్నా డిస్క్ మళ్లీ జారిందేమోనని అనుమానించాలి. మడమల మీద పది అడుగులు వేయమనండి. కుడి పాదం ముందుభాగం నేలకు తగులుతుంటే సోమవారం దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించాలి. కూర్చుంటే నేలకు ఆనే భాగం మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక మాత్రలు. పోయిన నెల నా దగ్గరికి వచ్చిన ఒకాయన చొక్కా జేబులోంచి మూడు స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టాడు. పేర్లు మూడు, రంగులు మూడు. తిప్పి చూస్తే రెండింట్లో ఉన్నది ఒకటే, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి వేసుకుంటూ మందు మార్చి వాడుతున్నాననుకున్నాడు! మీవాడి బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉందేమో చూడండి, అలాంటి మాత్రలు చాలామంది వాడతారు. వాటికి ఈ నొప్పి మాత్ర తోడై, పైగా ఫ్యాక్టరీ వేడికి చెమటలు పట్టి ఒంట్లో నీరు తగ్గితే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. బీపీ కూడా పెరుగుతుంది. అలాగని బీపీ మాత్ర సొంతంగా మానేయకూడదు. రెండు మందులూ డాక్టర్‌కు చూపించి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, దాంతోపాటు పొటాషియం రక్తపరీక్షలు చేయించాలి. ఇంకో సంగతి, మాత్ర వేసుకుంటే నొప్పి తెలియదు, తెలియకపోతే మోయకూడని బరువు మోసేస్తాడు. మాత్ర వేసుకుంటే తప్ప చేయలేని పని ప్రస్తుతానికి అతను చేయాల్సిన పని కాదు.

అయితే పూర్తిగా నయమయ్యేదాకా ఇంట్లోనే ఉండమనడం కూడా తప్పే. నెలల తరబడి మంచానికి, టీవీకి అలవాటుపడ్డ మనిషిని మళ్లీ పనిలోకి తేవడం కష్టం. కాలి సంగతి తేలి, సర్జన్ సరే అంటే తేలిక పనితో మొదలుపెట్టొచ్చు. మొదటి రెండు వారాలు నాలుగేసి గంటలు, బస్తాల లెక్క రాసుకోవడమో, గేటు దగ్గర బిల్లులు చూసుకోవడమో ఇవ్వండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. బరువు అయిదు కిలోలు దాటొద్దు. వంగి, నడుం తిప్పుతూ ఎత్తడం అసలు వద్దు. 25 కిలోల బస్తా జోలికి కనీసం మూడు నెలలు నిండేదాకా వెళ్లకపోవడం మంచిది, ఆ తర్వాతైనా సర్జన్ చూసి చెప్పాలి. మనిషిని చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఈ లెక్కలు ఉజ్జాయింపుగానే తీసుకోండి. నడుం బెల్టు రోజంతా పెట్టుకోమనే సలహా మాత్రం ఎవరిచ్చినా వినొద్దు.

ఇప్పుడు సర్టిఫికెట్. ‘ఫిట్’ అని ఒక్క ముక్క రాయించుకుంటే ఫైలుకు పనికొస్తుంది, నడుంకు కాదు. బ్రిటన్‌లో 2010 నుంచి డాక్టరిచ్చే కాగితంలో ఫలానా మార్పులు చేస్తే పనికి వెళ్లొచ్చని రాసే వీలుంది. మన దగ్గర అలాంటి ఫారం లేకపోతేనేం, మీరే ఒక తెల్లకాగితం రాసి అతనితో పంపండి. బస్తా బరువెంత, గంటకు ఎన్ని మోయాలి, లారీలోకి ఎంత ఎత్తుకు ఎత్తాలి, ఎంతసేపు నిలబడాలి, ఇంటినుంచి బైక్ మీద ఎంత దూరం రావాలి, ఇవన్నీ రాయండి. ఆ పని తెలియకుండా సర్జన్ మాత్రం ఏం రాస్తాడు?

అతను సోమవారమే వస్తానని తొందరపడటానికి డబ్బు కూడా కారణం కావచ్చు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంటే మామూలు అనారోగ్య భత్యం వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజులే. రెండు నెలలు ఇప్పటికే అయిపోయాయి. కానీ బస్తా ఎత్తుతుండగా పట్టేసిందని మీరే రాశారు. పనిలో తగిలిన గాయంగా గుర్తిస్తే 90 శాతం, కోలుకునేదాకా వస్తుంది. ప్రమాద రిపోర్టు పంపారా? పంపకపోతే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో వెంటనే కనుక్కోండి. జీతం తీసుకున్న రోజుకు ఈ భత్యం రాదు, అంటే నాలుగు గంటల పనికి సగం జీతమే ఇస్తే ఇంట్లో ఉన్నదానికంటే తక్కువ చేతికొస్తుంది. ఆ కొద్ది వారాలు పూర్తి జీతం ఇచ్చేలా యాజమాన్యాన్ని ఒప్పించండి.

మిగతావాళ్లు ఊరుకోవడం లేదంటే అతని వంతు బస్తాలు వాళ్ల మీద పడుతున్నాయనేగా. అన్నాళ్లూ అదనంగా ఒక మనిషిని పెట్టమని మేనేజర్‌ను అడగండి. దానికి నా దగ్గర మందు లేదు.